సిటిజన్‌షిప్ ఫారం నింపే ముందు లాయరుతో ఒక గంట

(డాలస్ ప్రాంతంలో జరిగిన తెలుగువారి సభలో ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లు ఇంతమంది రావడం సంతోషంగా ఉంది. ముందు వరసలో కూర్చున్న అమ్మలకీ నాన్నలకీ ఒక మాట: ఈ రోజు నేను చెప్పబోయేదాంట్లో సగం మీ గురించే. కాబట్టి పిల్లలు చూసుకుంటారులే అని ఊరుకోకుండా వినండి.

ఒక పాత కేసుతో మొదలుపెడతాను. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో తీర్పు ఇచ్చింది. ఆయన మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. చట్టంలో ఉన్న 'తెల్లవారు' అనే మాట భారతీయులకు వర్తించదు, కాబట్టి వాళ్లు పౌరులు కాలేరు అని కోర్టు తేల్చేసింది. ఆ తీర్పు పట్టుకుని ప్రభుత్వం, అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల మీద కూడా కేసులు వేసింది. పదుల సంఖ్యలో మనవాళ్ల పౌరసత్వాలు రద్దయ్యాయి. 1946లో ల్యూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా మనకు ఆ తలుపు మూసే ఉంది.

థింద్ తరఫున సుప్రీంకోర్టులో వాదించిన లాయరు కూడా మనవాడే. సఖారాం గణేశ్ పండిట్. 1914లో పౌరసత్వం తెచ్చుకుని, ఆ తర్వాత కాలిఫోర్నియాలో లాయరయ్యాడు. థింద్ కేసు ఓడిపోయాక ప్రభుత్వం ఆయన పౌరసత్వం మీదే కేసు వేసింది. కోర్టు విచారించి ఇచ్చిన పౌరసత్వాన్ని నమ్ముకుని ఇన్నేళ్లు బతుకు కట్టుకున్నాను, ఇప్పుడు దాన్ని వెనక్కి లాగడం చెల్లదు అని ఆయన పోరాడాడు. 1926లో అప్పీలు కోర్టులో గెలిచాడు. 1927లో సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. దాంతో మిగిలిన భారతీయుల మీద ఉన్న కేసులను ప్రభుత్వం వదులుకుంది. చట్టం మనకు పూర్తిగా వ్యతిరేకంగా ఉన్న రోజుల్లో కూడా, చట్టం తెలిసిన ఒక మనిషి పక్కన ఉండడం వల్ల కొన్ని కుటుంబాలు నిలబడ్డాయి. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ కేసు కూడా ఒక కారణం.

సరే, మన రోజుల్లోకి వద్దాం. సిటిజన్‌షిప్‌కి వేసే ఫారం ఎన్-400. చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "దీనికి లాయరు కావాలా?" అని. అందరికీ అక్కర్లేదు. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లయింది, ఇండియాకి వెళ్లినా నెల, నెలన్నరలో వచ్చేశారు, ఎప్పుడూ పోలీసు కేసు లేదు, ట్యాక్సులు సక్రమంగా కట్టారు, పెళ్లి విషయంలో చిక్కుల్లేవు. అలాంటివాళ్లు ఆన్‌లైన్‌లో సొంతంగా వేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఫీజు 710 డాలర్లు, కాగితం మీద అయితే 760. ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచే వేయొచ్చు. సిటిజన్‌ని పెళ్లి చేసుకుని కలిసి ఉంటున్నవాళ్లకి ఐదేళ్ల బదులు మూడేళ్లు. ఫారం యూఎస్‌సీఐఎస్, అంటే పౌరసత్వం, ఇమ్మిగ్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫారం కోసం డబ్బు అడిగే సైట్ ఏదైనా ప్రభుత్వానిది కాదు.

కానీ నేను ఇన్నేళ్లలో చూసినదేమిటంటే, "మాది సింపుల్ కేసండీ" అని వచ్చినవాళ్లలో చాలామందికి తమ కేసులో ఏముందో తెలియదు. ఫారం నింపడం పెద్ద కష్టం కాదు. చూడాల్సింది మీ చరిత్ర. మీరు ఈ దేశంలో అడుగు పెట్టిన రోజు నుంచి వేసిన ప్రతి ఫారం, వీసా ఇంటర్వ్యూలో చెప్పిన ప్రతి మాట, ప్రతి ప్రయాణం మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు ముందు ఫైలులో ఉంటాయి. అసలు గ్రీన్ కార్డే సరిగ్గా వచ్చిందా అని ఆయన మళ్లీ మొదటి నుంచి చూడొచ్చు, ఆ అధికారం ఆయనకు ఉంది. తేడా కనిపిస్తే సిటిజన్‌షిప్ నిరాకరించడంతో ఆగకపోవచ్చు, దేశం నుంచి పంపించే కేసు కూడా మొదలుపెట్టొచ్చు. అందుకే లాయరు దగ్గరికి వెళ్లాల్సింది ఫారం వేశాక కాదు, వేయకముందు. ఒక గంట కన్సల్టేషన్ చాలు. "నువ్వే వేసుకోవచ్చు" అని చెబితే ఆ గంట వృథా అనుకోకండి, నిశ్చింతగా వేసుకోండి.

ఇప్పుడు పెద్దవాళ్ల సంగతి. మన ఇళ్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కొడుకో కూతురో సిటిజన్ అయ్యి అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు తెప్పిస్తారు. వాళ్లు ఇక్కడ ఆరు నెలలు, అక్కడ ఆరు నెలలు ఉంటారు. ఊళ్లో ఇల్లుంది, పొలం కౌలు చూసుకోవాలి, మనవరాలి ఓణీల ఫంక్షను, మోకాలి ఆపరేషను. ఇవన్నీ న్యాయమైన కారణాలే. కానీ చట్టం రెండు లెక్కలు విడివిడిగా చూస్తుంది. ఒకటి, ఐదేళ్లలో మొత్తం కలిపి కనీసం 30 నెలలు ఈ దేశంలో శారీరకంగా ఉండాలి. రెండోది, నివాసం తెగకూడదు. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందని ముందే అనుకుంటారు, తెగలేదని రుజువు చేసుకోవాల్సిన భారం మీది. ఏడాది నిండితే ఇక రుజువుల మాటే లేదు, తెగినట్టే.

"మాకు రీఎంట్రీ పర్మిట్ ఉంది కదా" అంటారు. అంటే ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, రాసుకోండి. రీఎంట్రీ పర్మిట్ మీ గ్రీన్ కార్డుని కాపాడడానికి పనికొస్తుంది. సిటిజన్‌షిప్‌కి కావాల్సిన నివాసాన్ని అది కాపాడదు. రెండేళ్ల పర్మిట్ చేతిలో పెట్టుకుని పద్నాలుగు నెలలు ఇండియాలో ఉండి వచ్చిన పెద్దాయనకి గ్రీన్ కార్డు నిలుస్తుంది, సిటిజన్‌షిప్ లెక్క మాత్రం తెగుతుంది. తిరిగి వచ్చిన రోజు నుంచి నాలుగేళ్ల ఒక రోజుకి ఆయన మళ్లీ వేయొచ్చు. కానీ అప్పటికి కూడా ఆ పాత ప్రయాణంలో ఆరు నెలలకు మించిన భాగం, ఫారం వేసే ముందు ఐదేళ్ల లెక్కలో కనిపిస్తూ ఉంటుంది కాబట్టి రుజువులు చూపించాలి. నాలుగున్నరేళ్లు ఆగితే ఆ తలనొప్పి ఉండదు. ఆ ఆరు నెలలు ఆగాలా, రుజువులతో ఇప్పుడే వేయాలా అన్నది ఒక్కో కుటుంబానికి ఒక్కో రకం. లాయరు ఉపయోగపడేది ఇలాంటి చోటే.

అనుకోకుండా ఆరు నెలలు దాటిపోతే? ఉదాహరణకి గుంటూరులో భర్తకి స్ట్రోక్ వచ్చి, ఆవిడ ఎనిమిది నెలలు ఉండిపోవాల్సి వచ్చింది అనుకోండి. ఆసుపత్రి కాగితాలు, డిశ్చార్జి సమ్మరీలు, క్యాన్సిల్ చేసిన రిటర్న్ టికెట్, ఇక్కడ మెడికల్ ఇన్సూరెన్స్ కట్టిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇక్కడ ఉన్న పిల్లల వివరాలు అన్నీ దాచిపెట్టుకోండి. ఇల్లు ఇక్కడే ఉంది, వెళ్లింది అవసరం కొద్దీ అని చూపించాలి. ఆ కాగితాలు అప్పుడే దాచుకోవాలి. నాలుగేళ్ల తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎవరు తీసిస్తారు?

ఇంగ్లీషు పరీక్ష గురించి కూడా పెద్దవాళ్లకి చాలా టెన్షన్. చట్టంలో వెసులుబాటు ఉంది. 50 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకి, లేదా 55 దాటి 15 ఏళ్లు ఉన్నవాళ్లకి ఇంగ్లీషు పరీక్ష లేదు. ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలు మాత్రం ఉంటాయి, అవీ తెలుగులోనే. చిక్కెక్కడంటే మన అమ్మలు అరవై ఏళ్లకి వస్తారు. వాళ్లకి ఆ 15 ఏళ్లు నిండేసరికి 75 అవుతుంది. అందుకని చాలామంది ఇంగ్లీషులోనే రాయాల్సి వస్తుంది. 65 దాటి 20 ఏళ్లు ఉన్నవాళ్లకి ఇంకొంచెం సులువు, 20 ప్రశ్నల చిన్న జాబితా నుంచే అడుగుతారు.

మిగిలినవాళ్లకి 2025 అక్టోబరు 20 నుంచి పరీక్ష మారింది. అంతకుముందు 100 ప్రశ్నలు చదువుకుంటే 10 అడిగేవారు, 6 చెబితే పాస్. ఆ తేదీ నుంచి వేసినవాళ్లకి 128 ప్రశ్నలు, 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. వాట్సాప్‌లో తిరుగుతున్న పాత పీడీఎఫ్‌లు చదవకండమ్మా. యూఎస్‌సీఐఎస్ సైట్‌లోదే చదవండి.

మతిమరుపు జబ్బు, స్ట్రోక్ లాంటివాటి వల్ల నిజంగా నేర్చుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకి ఎన్-648 అనే ఫారం ఉంది. దాన్ని డాక్టరు నింపాలి. "వయసు మీద పడింది, గుర్తుండడం లేదు" అని రాస్తే కొట్టేస్తారు. ఏ జబ్బు, ఏ పరీక్షలతో తేలింది, అది నేర్చుకునే శక్తిని ఎలా అడ్డుకుంటోంది అన్నది వివరంగా ఉండాలి. డాక్టర్లకి చట్టం తెలియదు, లాయర్లకి వైద్యం తెలియదు. ఇద్దరూ ఒకసారి మాట్లాడుకుంటే ఆ ఫారం నిలబడుతుంది. ఇంట్లో అలాంటి పెద్దవాళ్లు ఉంటే దయచేసి ఈ ఫారం సొంతంగా వేయకండి.

ఇక కుర్రాళ్ల సంగతి. పోలీసు కేసు. డీయూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు అవ్వొచ్చు, స్టూడెంట్‌గా ఉన్నప్పుడు దుకాణంలో వస్తువు తీశారన్న కేసు అవ్వొచ్చు, ఇంట్లో గొడవై 911కి ఫోన్ వెళ్లి పోలీసులు తీసుకెళ్లడం అవ్వొచ్చు. "కేసు కొట్టేశారు, రికార్డు చెరిపేశారు, చెప్పక్కర్లేదని లాయరన్నాడు" అంటారు. ఉద్యోగానికి చెప్పక్కర్లేకపోవచ్చు. ఎన్-400లో చెప్పాలి. చెరిపేసిన కేసు కూడా చెప్పాలి. వేలిముద్రలు ఇస్తారు కదా, వాళ్లకి ఎలాగూ కనిపిస్తుంది. చిన్న కేసు వల్ల రాని ముప్పు దాన్ని దాచడం వల్ల వస్తుంది.

టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఇది ప్రత్యేకంగా వినండి. డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఒకటుంది. నేరం ఒప్పుకున్నట్టు గానీ, వాదించనని గానీ చెప్పి, ప్రొబేషన్, అంటే కోర్టు పర్యవేక్షణలో ఉండే కాలం పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు. టెక్సస్ లెక్కలో అది శిక్ష కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్కలో అది శిక్షే. ఈ ఒక్క విషయం తెలియక ఎన్ని కుటుంబాలు కుదేలయ్యాయో నేను కళ్లారా చూశాను. అందుకే ఎవరినైనా పోలీసులు పట్టుకుంటే, క్రిమినల్ లాయరుతో మొదటి మాటగా "నేను సిటిజన్‌ని కాదు" అని చెప్పండి. 2010లో పడిల్యా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: నేరం ఒప్పుకుంటే దేశం వదిలి వెళ్లాల్సి వచ్చే ప్రమాదం ఉంటే, ఆ సంగతి క్లయింటుకి చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత. అది మీ హక్కు, అడిగి తీసుకోండి.

ఓటు సంగతి ఇంకొకటి. డ్రైవింగ్ లైసెన్సు రెన్యూ చేసుకునేటప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే గబుక్కున అవును అనేసినవాళ్లు ఉన్నారు. సిటిజన్ కానివాళ్లు ఓటు వేసినా, సిటిజన్‌నని చెప్పుకున్నా చాలా తీవ్రంగా తీసుకుంటారు. అలా జరిగి ఉంటే ఫారం ముట్టుకోకుండా ముందు లాయరుని కలవండి.

ఎవరిని కలవాలి? ఇది ముఖ్యం. మన ఊళ్లలో నోటరీ అంటే అనుభవమున్న అడ్వకేటు. ఇక్కడ నోటరీ పబ్లిక్ సంతకాన్ని ధ్రువీకరించే మనిషి, అంతే. చట్టం గురించి సలహా చెప్పే అర్హత ఆయనకి లేదు. ట్యాక్సులు చేసే ఆయనకి, ట్రావెల్ ఏజెంటుకి, కన్సల్టెన్సీలో హెచ్‌ఆర్‌కి కూడా లేదు. మీరు చెప్పింది చెప్పినట్టు ఎవరైనా టైప్ చేసి పెట్టొచ్చు. ఏ ప్రశ్నకి ఏ జవాబు రాయాలో చెప్పే అధికారం ఇద్దరికే ఉంది. ఒకరు ఏదో ఒక రాష్ట్రంలో బార్ లైసెన్సు ఉన్న లాయరు. ఇమ్మిగ్రేషన్ ఫెడరల్ చట్టం కాబట్టి న్యూయార్క్ లైసెన్సు ఉన్న లాయరు టెక్సస్‌లో మీ కేసు చేయొచ్చు. రెండోవారు న్యాయశాఖ గుర్తింపు పొందిన స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్‌లు. వాళ్లు లాయర్లు కాకపోయినా ఈ పనికి ప్రభుత్వం అనుమతించినవాళ్లు, ఫీజు చాలా తక్కువ, కొన్నిచోట్ల ఉచితం. క్యాథలిక్ చారిటీస్ లాంటి సంస్థల్లో ఉంటారు. మతంతో సంబంధం లేకుండా అందరికీ చేస్తారు. న్యూయార్క్‌లో మీ బంధువులుంటే అక్కడి సిటీ యూనివర్సిటీ వాళ్ల 'సిటిజన్‌షిప్ నౌ' ఉచితంగా చేస్తుందని చెప్పండి.

లాయరు పేరు రాష్ట్ర బార్ సైట్‌లో వెతకండి, రెండు నిమిషాల పని. మీ తరఫున నిలబడేవాళ్లు జీ-28 అనే ఫారం మీద సంతకం పెడతారు. మరొకరు నింపిపెడితే ఎన్-400లోనే నింపినవాళ్లు సంతకం చేసే చోటు ఉంది. "నా పేరు వద్దులెండి" అన్నవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. ఫీజు ఎంత, అందులో ఇంటర్వ్యూకి రావడం కలిసి ఉందా, తిరస్కరిస్తే ఎంత అని కాగితం మీద రాయించుకోండి. పని గ్యారంటీ అని ఎవరైనా అంటే ఆ మాటే మీకు హెచ్చరిక.

కంపెనీ లాయరు గురించి కూడా చెప్పాలి. గ్రీన్ కార్డు చేయించిన లాయరు కంపెనీ డబ్బుతో, కంపెనీ పిటిషన్ మీద పనిచేశాడు. ఆ ఫైలులో రాసిన అనుభవం గురించో, గ్రీన్ కార్డు రాగానే ఆ ఉద్యోగం మానేయడం గురించో మీకు అనుమానం ఉంటే, దాన్ని మీ సొంత లాయరుతో మాట్లాడండి. పాత ఫారాల్లో ఏముందో గుర్తులేకపోతే సమాచార హక్కు చట్టం లాంటిది ఇక్కడా ఉంది. ఆన్‌లైన్‌లో అడిగితే మీ ఫైలు కాపీ వస్తుంది. నెలలు పట్టొచ్చు, అయినా అది చూశాకే వేయడం మంచిది.

(సభలో ఒకావిడ: ఫైలు అంతా మా ఆయన దగ్గరే ఉంటుందండి. నేను విడిగా లాయరుని కలవొచ్చా?)

తప్పకుండా కలవొచ్చమ్మా. ఆ ఫైలు మీది, మీ పేరు మీద మీరే అడగొచ్చు. మీరు లాయరుతో మాట్లాడింది మీ భర్తకి గానీ, అత్తగారికి గానీ, ప్రభుత్వానికి గానీ ఆ లాయరు చెప్పకూడదు. హింస వల్ల బయటికి వచ్చి, ఆ కారణంగా విడిగా పిటిషన్ వేసుకుని గ్రీన్ కార్డు తెచ్చుకున్న ఆడవాళ్లకి, ఆ భర్త సిటిజన్ అయి ఉంటే, మూడేళ్లకే సిటిజన్‌షిప్‌కి వేసే వీలుంది. కలిసి ఉండాలన్న షరతు వాళ్లకి లేదు. ఇది చాలామందికి తెలియదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

(ఒక పెద్దాయన: ఇంటర్వ్యూ అయి ఐదు నెలలైంది. ఏమీ చెప్పడం లేదు.)

ఇంటర్వ్యూ అయిన 120 రోజుల్లో నిర్ణయం రాకపోతే ఫెడరల్ జిల్లా కోర్టుకి వెళ్లే హక్కు చట్టంలోనే ఉంది సార్. చాలాసార్లు లాయరు ఉత్తరం రాస్తేనే కదులుతుంది. తిరస్కరించారు అనుకోండి, 30 రోజుల్లోగా ఎన్-336 వేసి మళ్లీ విచారణ అడగొచ్చు. ఆ గడువు పోగొట్టుకోవద్దు.

(మరొకరు: ఫీజు కట్టలేనివాళ్లు? ఓత్, అదే సిటిజన్‌షిప్ ప్రమాణం తర్వాత ఊళ్లో పొలం పోతుందా?)

ఆదాయం పేదరిక ప్రమాణానికి నాలుగు రెట్ల లోపు ఉంటే ఫీజు 380 డాలర్లే. ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే పూర్తి మాఫీకి ఐ-912 వేయొచ్చు. ఇప్పుడు పేపర్ చెక్కులు తీసుకోవడం లేదు, కార్డు గానీ బ్యాంకు ఖాతా గానీ వాడాలి.

పొలం పోదు. భారత రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఓత్ తీసుకున్న రోజు నుంచి మీరు భారత పౌరులు కారు. ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, దాని మీద ఇక ప్రయాణం చేయకూడదు. తర్వాత ఓసీఐ కార్డు, అంటే వేరే దేశ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు తీసుకోండి. ఉన్న పొలం ఉంటుంది, వారసత్వంగా వచ్చేది వస్తుంది. కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి మాత్రం లేదు. అక్కడ ఓటు కూడా ఉండదు.

పక్క గదిలో మా లాయర్లు సాయంత్రం దాకా ఉంటారు, డబ్బు ఏమీ తీసుకోరు. గ్రీన్ కార్డు, పాత పాస్‌పోర్టులన్నీ, ఉంటే కోర్టు కాగితాలు తెచ్చినవాళ్లు ముందు వెళ్లండి. ప్రయాణాల తేదీలు గుర్తులేనివాళ్లు పాస్‌పోర్టు స్టాంపులు చూసి ఒక కాగితం మీద రాసుకుని వెళితే వాళ్లకి సగం పని తప్పుతుంది. పెద్దవాళ్లని ముందు కూర్చోబెట్టండి.